హొనొలులు - గువాం విమాన ప్రయాణం: అపోహలు, వాస్తవాలు

విమానం బయల్దేరే ముందు దాని దారి, ఇంధనం, పట్టే సమయం లెక్కగట్టడం నా ఉద్యోగం. కిలోమీటర్లు తెలిస్తే గంటలూ తెలిసినట్టే అనుకునేవాళ్లు చాలామంది. హవాయిలోని హొనొలులు నుంచి పసిఫిక్‌లో దానికి పడమరనున్న గువాం దీవికి వెళ్లే దారినే తీసుకుందాం. దూరం సుమారు 6,100 కిలోమీటర్లు.

అపోహ: వెళ్లడానికి ఎంత పడితే రావడానికీ అంతే.

వాస్తవం: విమానాలు ఎగిరే ఎత్తులో, ముఖ్యంగా చలికాలంలో, గాలి ఎక్కువగా పడమటి నుంచి తూర్పుకు వీస్తుంది. గువాం వెళ్లేటప్పుడు అది ఎదురుగాలి. గంటకు 850 కి.మీ. వేగంతో పోయే విమానానికి గాలే లేకపోతే ఈ దూరం 7 గంటల 10 నిమిషాలు. గంటకు 80 కి.మీ. ఎదురుగాలి ఉంటే 7 గంటల 55 నిమిషాలు. అదే గాలి వెనక నుంచి తోస్తే 6 గంటల 34 నిమిషాలు. ఎదురుగాలి తిన్న 45 నిమిషాల్లో వెనకగాలి తిరిగిచ్చింది 36 మాత్రమే, చూశారా! ఎదురుగాలిలో విమానం ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి నష్టమే ఎక్కువ. గాలులు రెండు వైపులా సరిపోతాయన్న మాట ఎన్నిసార్లు విన్నా నేను ఒప్పుకోను.

అపోహ: దిగే సమయంలోంచి ఎక్కే సమయం తీసేస్తే ప్రయాణకాలం వచ్చేస్తుంది.

వాస్తవం: టికెట్ మీద ఉండేవి ఎక్కడికక్కడి స్థానిక సమయాలు. ఈ రెండు చోట్ల మధ్య, దాటితే తేదీ మారే అంతర్జాతీయ దినరేఖ ఉంది. గువాం గడియారం హొనొలులు కంటే 20 గంటలు ముందు. సోమవారం ఉదయం 7కు హొనొలులులో బయల్దేరి 8 గంటలు ప్రయాణిస్తే గువాంలో మంగళవారం ఉదయం 11. మంగళవారం ఉదయం 7కు గువాంలో బయల్దేరి 7 గంటల్లో చేరితే హొనొలులులో సోమవారం సాయంత్రం 6! హోటల్ బుక్ చేసేవాళ్లు దయచేసి చేరే తేదీని రెండోసారి చూసుకోండి. రెండు సమయాలనూ యూటీసీలోకి, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలోకి మార్చి తీసివేస్తే లెక్క తప్పదు. అలా వచ్చినదాంట్లో రన్‌వే దాకా, రన్‌వే నుంచి విమానం నేల మీద కదిలే సమయం కూడా కలిసే ఉంటుంది.

అపోహ: మ్యాపులో వంపు తిరిగిన దారంటే చుట్టుదారి.

వాస్తవం: గుండ్రటి భూమిని చదునుగా గీయడం వల్ల వచ్చే వంపు అది. భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న ఈ దారిలో ఆ వంపు తక్కువే.

అపోహ: మధ్యలో దీవుల్లో ఆగినా పెద్దగా ఆలస్యం కాదు.

వాస్తవం: మజురో, క్వాజలీన్, కొస్రాయ్, పోన్‌పే, చూక్‌లలో ఆగుతూ గువాం చేరే సర్వీసు ఉంది. దానికి నేరు విమానం కంటే దాదాపు రెట్టింపు సమయం పడుతుంది. దిగడం, నేల మీద ఆగడం, మళ్లీ పైకెక్కడం, ఇవే గంటలు తింటాయి. సమయం ఉన్నవాళ్లు మాత్రం ఒక్కసారైనా ఇందులో వెళ్లాలని నా సలహా. పగడపు దీవులను పైనుంచి అంత దగ్గరగా చూపించే సర్వీసులు చాలా తక్కువ.

అపోహ: దూరానికి సరిపడా ఇంధనం ఉంటే చాలు.

వాస్తవం: గువాంలో వాతావరణం బాగోకపోతే పక్కనున్న సైపాన్ దీవి దాకా వెళ్లగలగాలి. అది మరో 200 కి.మీ. పైనే. అక్కడికి చేరాక కూడా గాల్లో చక్కర్లు కొట్టడానికి 30 నిమిషాల నిల్వ మిగలాలి. ఇవి కాక, దారిలో గాలి అంచనా తప్పితే వాడుకోవడానికి ఇంకొంత. ప్రత్యామ్నాయ విమానాశ్రయమే దగ్గరలో లేని ఒంటరి దీవులకైతే జెట్ విమానాలు గమ్యం చేరాక రెండు గంటలు ఎగరగలిగేంత ఇంధనంతో వెళ్తాయి.