విమానానికి స్టెప్నీ ఉండదా?

చిట్టీ, బుజ్జీ,

మొన్న ఫోన్లో ఇద్దరూ ఒకేసారి మాట్లాడేసరికి నాకు సగమే అర్థమైంది. ఆ సగంలో ఒక మాట మాత్రం మనసులో ఉండిపోయింది. "ఇంజిన్ పాడైందట, రేపటిదాకా ఆగమన్నారు. కారుకి ఉన్నట్టు విమానానికి స్టెప్నీ ఉండదా తాతయ్యా?" అన్నారు. ముప్పై ఏళ్లు ముంబయిలో విమాన ఇంజిన్లు బాగుచేసే షాపులో పనిచేశాను కానీ ఇంత సూటిగా నన్నెవరూ అడగలేదు. ఫోన్లో చెప్పబోతే మీ అమ్మ మధ్యలో లాక్కుంటుంది, అందుకే ఉత్తరం రాస్తున్నా.

స్టెప్నీ ఉంటుందర్రా. కాకపోతే విమానంతో పాటు తిరగదు, షాపులో స్టాండు మీద కూర్చుని ఉంటుంది. దాని ఖరీదు తెలుసా? మీరెక్కిన చిన్న జెట్‌కి పెట్టే కొత్త ఇంజినే వంద కోట్ల పైమాట. అంత సొమ్ము పెట్టి కొన్నది ఎప్పుడో అవసరమొస్తుందని కవరు కప్పుకుని కూర్చుంటే ఏ కంపెనీకైనా కడుపు మండుతుంది. పైగా మన విమానం ఎక్కడ మొరాయిస్తుందో ముందే తెలియదుగా. స్పేర్ ముంబయిలో ఉంటే విమానం టొరంటోలో ఆగిపోవచ్చు.

మన ఊళ్లో ఒక్క ఎద్దే ఉన్న రైతులు ఏం చేసేవారో చెప్పాను కదా. ఇద్దరూ చెరో ఎద్దు కలిపి కాడి కట్టి, వంతులవారీగా దున్నుకునేవారు. విమాన కంపెనీలూ అదే చేశాయి. 1970లో జంబో జెట్, అంటే బోయింగ్ 747, వచ్చినప్పుడు యూరప్ కంపెనీలు ఒక్కొక్కటీ కొన్నవి కొద్ది విమానాలే. వాటి కోసం ఎవరికి వారు స్పేర్ ఇంజిన్లు, పెద్ద షాపులు పెట్టుకుంటే దివాలా ఖాయం. అందుకని కేఎల్ఎం, ఎస్ఏఎస్, స్విస్ఎయిర్, యూటీఏ ఒక జట్టు కట్టి, తమ పేర్లలోని మొదటి అక్షరాలతో దానికి కేఎస్ఎస్‌యూ అని పేరు పెట్టుకున్నాయి. ఎయిర్ ఫ్రాన్స్, లుఫ్తాన్సా, అలిటాలియా, సబేనా వాళ్లది అట్లాస్ అని ఇంకో జట్టు. టికెట్ల దగ్గర ఒకరి ప్రయాణికుల్ని ఒకరు లాక్కునేవాళ్లే షాపు గుమ్మం దగ్గరకొచ్చేసరికి వియ్యంకులైపోయారన్నమాట. ఇంజిన్ల రిపేరు ఒకరు, ల్యాండింగ్ గేర్, అంటే చక్రాల సరంజామా, ఇంకొకరు అని పని కూడా పంచుకున్నారు. నాకు ఈ వృత్తిలో అన్నిటికన్నా నచ్చిన సంగతి ఇదే.

అయితే చేబదులు అంటే ఊరికే తెచ్చి బిగించేయడం కాదు. పెళ్లికి పక్కింటి నుంచి గిన్నెలు తెస్తే వాటి మీద పేరు చెక్కి ఉంటుందే, ఇంజిన్‌కీ అలాగే ఒక చిన్న రేకు మీద సీరియల్ నంబరు ఉంటుంది. దాంతో పాటు కాగితాల కట్ట వస్తుంది. ఎన్ని గంటలు తిరిగింది, ఎన్నిసార్లు గాల్లోకి లేచి దిగింది, లోపల తిరిగే ఒక్కో డిస్క్ పుట్టినప్పటి నుంచీ ఎక్కడెక్కడ పనిచేసింది, అన్నీ అందులో ఉండాలి. ఒక్క కాగితం తగ్గినా ఇంజిన్ ఎంత మిసమిసలాడుతున్నా బిగించం. తర్వాత బోరోస్కోప్. సన్నటి గొట్టం చివర కెమెరా పెట్టి, డాక్టర్లు కడుపులోకి చూసినట్టు లోపలికి చూస్తాం. ఒకసారి ఇచ్చేవాళ్ల మనిషీ నేనూ భుజం భుజం రాసుకుంటూ ఒక బ్లేడు అంచున గోరు గిచ్చినంత గాటు చూశాం. అది ముందునుంచే ఉందని ఇద్దరం రాసి సంతకాలు చేసేదాకా అతను టీ కూడా ముట్టలేదు. ఎందుకంటే తిరిగిచ్చేటప్పుడు ఆ గాటు ఎవరి ఖాతాలో పడాలన్నదే అసలు తగాదా. అద్దె కూడా గంటకింత, ఎగిరి దిగినందుకు ఇంత అని ముందే ఒప్పందంలో రాసుకుంటారు.

ఇక, స్పేర్‌ని అక్కడికి పంపడం, పాడైన ఇంజిన్ని ఇంటికి చేర్చుకోవడం ఎలాగంటారా? ఇక్కడే నిజమైన స్టెప్నీ కనిపిస్తుంది. జంబోకి ఎడమ రెక్క కింద, లోపలి ఇంజిన్‌కీ పొట్టకీ మధ్యన ఐదో ఇంజిన్ తగిలించే చోటు ఉంటుంది. అది తిరగదు, ముందు కప్పు బిగించుకుని ఊరికే వేలాడుతుంది. 2016 జనవరిలో క్వాంటాస్ వాళ్లు ఆగిపోయిన తమ విమానం కోసం సిడ్నీ నుంచి జోహానెస్‌బర్గ్‌కి ఇలాగే స్పేర్ ఇంజిన్ మోసుకెళ్లారు, అదీ ప్రయాణికులున్న మామూలు సర్వీసులోనే. గాలికి అడ్డం పెరిగి ఇంధనం ఎక్కువ తాగింది కాబట్టి దారిలో పెర్త్‌లో ఆగి నింపుకోవాల్సి వచ్చింది.

ఇంకో సంగతి చెప్పాలి. చిన్నపిల్లలకు చెప్పొచ్చా అని ఆలోచించాను, కానీ మీరు పెద్దవాళ్లవుతున్నారు. 1985 జూన్‌లో మన ఎయిరిండియా జంబో ఇంజిన్ ఒకటి టొరంటోలో పాడైతే ఎయిర్ కెనడా తన ఇంజిన్ బదులిచ్చింది. పాడైనదాన్ని కొన్నాళ్లకు 'కనిష్క' అనే మరో జంబో ఐదో ఇంజిన్‌గా తగిలించుకుని బయల్దేరింది. దాన్ని ఎక్కించే పని వల్ల గంటన్నరకు పైగా ఆలస్యమైంది. జూన్ 23న ఐర్లండ్ దగ్గర సముద్రం పైన అది పేలిపోయి 329 మంది పోయారు. విచారణలో ఐదో ఇంజిన్ గురించీ ఆరా తీశారు, కానీ దాని తప్పేమీ లేదు. ఎవరో సామానులో బాంబు పెట్టారు. మా షాపువాళ్లకి మాత్రం ఐదో ఇంజిన్ అనే మాట వినపడితే చాలా ఏళ్లు మనసు చివుక్కుమనేది.

ఇప్పుడు కాలం మారింది. పొత్తు కన్నా ఇంజిన్ చేసిన కంపెనీతోనే ఒప్పందం ఎక్కువ, పాడైతే స్పేర్ వాళ్లే ఇవ్వాలి. బాగానే ఉంటుంది, ఊరంతా ఒకేసారి కరువు రానంతవరకూ. ఈ మధ్య ఎయిర్‌బస్ వాళ్ల ఏ320 నియో విమానాలకు పెట్టే ప్రాట్ అండ్ విట్నీ ఇంజిన్లు అనుకున్నదానికంటే ముందే షాపులకి చేరాయి. అందరికీ అదే తిప్పలైతే బదులిచ్చేదెవరు? 2023 మేలో గో ఫస్ట్ అనే మన విమాన కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. సింగపూర్‌లో ఆర్బిట్రేటర్, అంటే తగవు తీర్చే మధ్యవర్తి, ఆదేశించినా స్పేర్ ఇంజిన్లు ఇవ్వలేదని వాళ్ల వాదన, ఇంజిన్ కంపెనీ ఒప్పుకోలేదు. ఇండిగోవి కూడా ఒక దశలో డెబ్భైకి పైగా విమానాలు నేలమీదే ఉండిపోయాయి. మన శంషాబాద్‌లో 2025 నవంబరులో ఫ్రాన్స్ కంపెనీ సఫ్రాన్ వాళ్లు లీప్ అనే రకం ఇంజిన్ల షాపు తెరిచారు, ఏడాదికి 300 ఇంజిన్ల దాకా బాగుచేయగలిగేలా కట్టారట. అవి వేరే రకంలే. కానీ షాపు దగ్గరుంటే దారిలో గడిచే రోజులు తగ్గుతాయి. నాకు మోకాళ్లు సహకరిస్తే ఒకసారి లోపల చూడాలనుంది.

అన్నట్టు బుజ్జీ, మర్నాడు విమానం బాగయ్యాక నువ్వు కిటికీలోంచి తీసిన ఫోటో చూశాను. ఇంజిన్ మీద ఆ విమాన కంపెనీ బొమ్మే ఉంది కాబట్టి ఇది వాళ్లదేనని రాశావు. తలుపుల్లా తెరుచుకునే ఆ మూతలు విమానానివి, ఇంజిన్ మారినా అవే మళ్లీ మూస్తారు. లోపల ఎవరిది తిరిగిందో చూడాలంటే మూత ఎత్తి ఆ రేకు చదవాల్సిందే.

ఉంటాను,
తాతయ్య