మొబైల్ వెబ్ యాప్‌కి ఏ ఫ్రేమ్‌వర్క్? కొన్ని అపోహలు, అసలు సంగతులు

బ్రౌజర్‌లో నడిచే యాప్ తెరలు కట్టడానికి ముందే రాసి ఉంచిన జావాస్క్రిప్ట్ కోడ్‌నే ఫ్రేమ్‌వర్క్ అంటాం. కొత్త ప్రాజెక్టు అనగానే వాటిలో రియాక్టా, యాంగ్యులరా, వ్యూనా అని చర్చ మొదలవుతుంది. వాడేవాళ్ల చేతిలో ఏ ఫోన్ ఉందని మాత్రం ఎవరూ అడగరు. ఈ పనిలో ఉన్నవాడిగా నేను ముందు అడిగేది అదే.

అపోహ: నెట్ స్పీడుగా ఉంటే ఫ్రేమ్‌వర్క్ సైజుతో పనిలేదు.

వాస్తవం: 100 కేబీ ఫొటో, 100 కేబీ జావాస్క్రిప్ట్ ఒకటి కావు. స్క్రిప్టు దిగాక ఫోన్ దాన్ని చదవాలి, నడపాలి. నడిపేది మెయిన్ థ్రెడ్ మీదే, అంటే మన నొక్కులకు స్పందించే వరస మీదే. అది తీరిక లేకుండా ఉన్నంతసేపూ బటన్ ఎన్నిసార్లు నొక్కినా ఉలకదు, పలకదు. రియాక్ట్ 18, దాన్ని బ్రౌజర్ పేజీకి కలిపే డామ్ లైబ్రరీ రెండూ కుదించాక (జిప్) సుమారు 45 కేబీ. రియాక్ట్‌లాంటిదే అయిన చిన్న ఫ్రేమ్‌వర్క్ ప్రియాక్ట్ అయితే నాలుగైదు కేబీలే. అయితే అసలు బరువు చాలాసార్లు ఫ్రేమ్‌వర్క్‌ది కాదు, దాని వెనకాల మనం తగిలించే చార్టులది, వాడకాన్ని లెక్కగట్టే అనలిటిక్స్‌ది. తక్కువ ధర ఆండ్రాయిడ్ ఫోన్‌ని కేబుల్‌తో కంప్యూటర్‌లోని క్రోమ్ డెవ్‌టూల్స్‌కి (క్రోమ్‌లోనే ఉండే పరీక్ష సాధనాలకి) కలిపి పెర్ఫార్మెన్స్ రికార్డు చేయండి. 50 మిల్లీసెకన్లు దాటిన ప్రతి పనికీ ఎర్ర గుర్తు పడుతుంది. నొక్కిన 200 మిల్లీసెకన్లలోపు తెర స్పందించాలన్నది గూగుల్ పెట్టిన కొలత. ల్యాప్‌టాప్‌లో చూసి బాగుందనుకుంటే ఇవేవీ కనబడవు.

అపోహ: మంచి యూఐ కిట్ (రెడీమేడ్ బటన్లు, ఫారాల సెట్టు) ఉంటే తెలుగు దానంతటదే సర్దుకుంటుంది.

వాస్తవం: సర్దుకోదు. చాలా కిట్లలో కొలతలు ఇంగ్లీషు అక్షరాల ఎత్తుకే సరిపోతాయి. అడ్రస్ ఫారంలో ‘రాష్ట్రం’ అని పెట్టి చూడండి. లైన్ హైట్ (వరస ఎత్తు) అక్షరం సైజుకి 1.2 రెట్ల దగ్గర ఉండి, పెట్టె దాటినదాన్ని దాచేసే ఓవర్‌ఫ్లో హిడెన్ పెట్టి ఉంటే కింది ఒత్తులు తెగిపోతాయి. కిట్ ఎంచుకునే ముందే బటన్లు, డ్రాప్‌డౌన్లు తెలుగులో నింపి చూడాలి. తర్వాత ఒక్కో కాంపొనెంట్‌నీ (బటన్, డ్రాప్‌డౌన్ లాంటి భాగాన్నీ) సరిచేసుకుంటూ కూర్చోవడం పెద్ద తలనొప్పి.

అపోహ: ఐఫోన్‌లో వెబ్ యాప్‌కి నోటిఫికేషన్లు రావు.

వాస్తవం: 2023 మార్చిలో వచ్చిన ఐఓఎస్ 16.4 నుంచి వస్తున్నాయి. కాకపోతే వాడేవాళ్లు యాప్‌ని హోమ్ స్క్రీన్‌కి చేర్చుకుని, అనుమతి ఇవ్వాలి. ఏ ఫ్రేమ్‌వర్క్ తీసుకున్నా ఈ షరతు మారదు.

అపోహ: అందరూ వాడుతున్నదైతే పదేళ్లు నిశ్చింత.

వాస్తవం: 2010లో వచ్చిన జేక్వెరీ మొబైల్ అనే ఫ్రేమ్‌వర్క్‌ని ఒకప్పుడు వాడనివాళ్లు తక్కువ. 2021లో దాన్ని ఆపేశారు. యాంగ్యులర్ పాత రూపమైన యాంగ్యులర్ జేఎస్‌కి మద్దతు కూడా ఆ ఏడాది చివరితో ముగిసింది. 2016లో వచ్చిన యాంగ్యులర్ 2 మొదటి నుంచీ తిరగరాసింది కాబట్టి, పాత కోడ్ ఉన్నవాళ్లకు మారడం తేలిక కాలేదు. అందుకే ధరల లెక్కలు, ఫారం తనిఖీల వంటివి ఫ్రేమ్‌వర్క్‌తో ముడిపెట్టకుండా మామూలు జావాస్క్రిప్ట్ ఫైళ్లలో ఉంచాలంటాను.

నాలుగు పేజీలు, ఒక ఫారం ఉన్న పనికైతే అసలు ఫ్రేమ్‌వర్కే అక్కర్లేదు.

అంతకన్నా పెద్దదైతే లాగిన్, ఒక పొడవాటి జాబితా, ఒక ఫారం, ఈ మూడు స్క్రీన్లే రెండు ఫ్రేమ్‌వర్క్‌లలో కట్టించండి. ఒకే ఫోన్‌లో రెండింటినీ రికార్డు చేసి, మీ టీమ్‌లో రేపు దాన్ని చూసుకోబోయేవాళ్లకే ఆ కోడ్ ఇచ్చి ఏది సులువుగా అర్థమైందో అడగండి.