కోడిని కొట్టిన బాణం, కారులో కూర్చున్న మనిషి: ఫెలనీ మర్డర్ నేపథ్యం

అడవి పక్షిని కొట్టబోతే బాణం గురి తప్పి, దూరాన ఉన్న మనిషి ప్రాణం పోతే అది ప్రమాదం. పరాయివాడి పెంపుడు కోడిని కొట్టబోతే అదే బాణం అలాగే గురి తప్పి మనిషిని చంపితే అది హత్య. ఇంగ్లండ్ న్యాయకోవిదుడు ఎడ్వర్డ్ కోక్ రాయగా 1644లో అచ్చయిన సూత్రమిది. రెండుసార్లూ విల్లు పట్టినవాడికి చంపాలన్న ఆలోచన లేదు. తేడా అల్లా ఆ పక్షి ఎవరిదన్నదే.

తీవ్ర నేరం జరుగుతుండగా ఎవరైనా చనిపోతే, ఆ నేరంలో పాలుపంచుకున్న వారందరూ హంతకులే అనేది ‘ఫెలనీ మర్డర్’ నియమం. దాని మూలం వెతికేవారు సాధారణంగా కోక్ దగ్గరికే వస్తారు. ఆయన చెప్పింది అప్పటి కోర్టులు నిజంగా పాటించాయా అన్నది చరిత్రకారులు ఇంకా వాదించుకుంటున్న సంగతి. పాటించినా పెద్ద తేడా ఉండేది కాదు. ఆ రోజుల్లో దోపిడీకీ ఉరే, హత్యకూ ఉరే.

ఈ కోడి మన దేశానికీ వచ్చింది, కానీ తీర్పు తిరగబడింది. 1837లో మెకాలే బృందం శిక్షాస్మృతి ముసాయిదా రాసినప్పుడు, అనుకోకుండా జరిగిన మరణానికి హత్యానేరం మోపడాన్ని తోసిపుచ్చింది. 1860 నాటి భారత శిక్షాస్మృతి 299వ సెక్షన్ కింద ఒక ఉదాహరణ ఉంది. దొంగిలించే ఉద్దేశంతో కోడిని కాల్చినవాడు, పొద వెనుక ఉన్నాడని తెలియని మనిషిని చంపితే, చేసింది చట్టవిరుద్ధమైన పనే అయినా నరహత్య కాదు. ఇది కోక్‌కు సూటిగా ఇచ్చిన జవాబులా ఉంటుంది. 2024లో అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 100వ సెక్షన్‌లోనూ ఆ ఉదాహరణ చెక్కుచెదరలేదు. అలాగని మన చట్టం కడిగిన ముత్యమేమీ కాదు. అయిదుగురు లేదా అంతకన్నా ఎక్కువమంది కలిసి బందిపోటు దోపిడీ చేస్తుండగా వారిలో ఒకడు హత్య చేస్తే, మిగిలినవారికీ మరణశిక్ష దాకా పడవచ్చు. పాత స్మృతిలో అది 396వ సెక్షన్. అయితే అక్కడ ఒకడైనా నిజంగా హత్య చేసి ఉండాలి. యావజ్జీవానికి తగ్గించి శిక్ష వేసే వీలు కూడా జడ్జికి ఉంటుంది.

కొంతకాలం భారతదేశంలో పనిచేసి, 1872 నాటి సాక్ష్య చట్టాన్ని రాసిన జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ తర్వాత ఇంగ్లండ్‌లో జడ్జి అయ్యాడు. 1887లో, బీమా డబ్బు కోసం తానుంటున్న ఇంటికే నిప్పుపెట్టాడన్న కేసులో, కోక్ కోడి సూత్రం అసలు చట్టమేనా అని ఆయన జ్యూరీ ముందే సందేహం వెలిబుచ్చాడు. ప్రాణహాని కలిగిస్తుందని తెలిసి చేసిన పనైతేనే హత్య అన్నాడు. చివరికి 1957లో బ్రిటిష్ పార్లమెంటు ఈ నియమాన్ని రద్దు చేసింది. కెనడాలో సుప్రీంకోర్టు 1987, 1990 తీర్పులతో దీన్ని కొట్టివేసింది.

పుట్టింట్లో చెల్లని ఈ నియమం అమెరికాలో మాత్రం ఇల్లు కట్టుకుని కూర్చుంది. పెన్సిల్వేనియా 1794లో హత్యను తరగతులుగా విడదీస్తూ దోపిడీ, అత్యాచారం, గృహదహనం, దొంగచాటుగా ఇంట్లో చొరబడటం వంటి నేరాల మధ్య జరిగిన హత్యను అతి తీవ్రమైన మొదటి తరగతిలో పెట్టింది. ఇల్లినాయ్ 1827లో నియమాన్నే చట్టంగా రాసుకుంది. ఈనాడు హవాయి, కెంటకీ తప్ప దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ ఇది ఏదో ఒక రూపంలో ఉంది. కొన్నిచోట్ల పోలీసులో ఇంటి యజమానో కాల్చడంతో దొంగల్లో ఒకడు చనిపోతే, ఆ హత్యానేరం బతికున్న తోటి దొంగల మీద పడుతుంది.

1975లో ఫ్లోరిడాలో ఇద్దరు కారుకు నీళ్లు కావాలంటూ ఒక పల్లె ఇంటికి దోపిడీకి వెళ్లి, ఎదురుతిరిగిన వృద్ధ దంపతులను కాల్చిచంపారు. మూడోవాడు దూరంగా రోడ్డు మీద కారులో ఉన్నాడు. అతనికీ మరణశిక్షే పడింది. 1982లో అమెరికా సుప్రీంకోర్టు అయిదుకు నాలుగు ఓట్లతో ఆ శిక్షను రద్దు చేసింది. చంపనివాడికి, చంపాలనుకోనివాడికి మరణశిక్ష వేయరాదంది. హత్యానేరం మాత్రం అలాగే ఉండిపోయింది. అయిదేళ్లకే అదే కోర్టు, నేరంలో ప్రధాన పాత్ర వహించి ప్రాణాల పట్ల నిర్లక్ష్యం చూపినవాడికి మరణశిక్ష వేయవచ్చని సడలించింది. ఉరి సంగతి సరే, పెరోల్ లేని యావజ్జీవానికి ఈ పాటి హద్దు కూడా లేదు.

భయం ఉంటే దొంగలు తుపాకి వెంట తీసుకెళ్లరనేది సమర్థకుల వాదం. బాధిత కుటుంబాలు అడిగే ప్రశ్న ఇంకా బలమైనది: దోపిడీయే లేకపోతే మా మనిషి బతికుండేవాడు కదా? కొట్టిపారేయదగ్గ ప్రశ్న కాదు. అయితే దోపిడీకి దోపిడీ శిక్ష ఎలాగూ ఉంది. దానిపై అదనంగా పడే దశాబ్దాలను నిర్ణయించేది నిందితుడి ఉద్దేశం కాదు, తూటా ఎటు వెళ్లిందన్నదే. పైగా ఈ అభియోగం ప్రాసిక్యూటర్ చేతిలో ఉంటే నిందితుడు విచారణకు వెళ్లే ధైర్యం చేయలేక, నేరం ఒప్పుకుని శిక్ష తగ్గించుకునే బేరానికి దిగుతాడు.

సంస్కరణ మెల్లగా వచ్చింది. మిచిగన్ సుప్రీంకోర్టు 1980లోనే, నిందితుడి దురుద్దేశాన్ని విడిగా రుజువు చేయాలంది. కాలిఫోర్నియా 2018లో ఎస్‌బి 1437 చట్టం తెచ్చింది. దాని ప్రకారం, స్వయంగా చంపనివాడు చంపే ఉద్దేశంతో సాయపడి ఉండాలి, లేదా ప్రధాన పాత్ర పోషిస్తూ ప్రాణాలను లెక్కచేయకుండా ఉండాలి. చనిపోయింది విధుల్లో ఉన్న పోలీసు అధికారి అయితే మినహాయింపు. 2021లో కొలరాడో ఈ నేరాన్ని మొదటి తరగతి నుంచి రెండో తరగతికి దించి, తప్పనిసరి యావజ్జీవాన్ని తీసేసింది. అదే ఏడు ఇల్లినాయ్, మూడో వ్యక్తి కాల్చిన తూటాకు దొంగలను హంతకులు చేయడం మానుకుంది.

ఇక్కడ సంస్కరణవాదులను ఇరకాటంలో పెట్టే సంగతి ఒకటుంది. జార్జ్ ఫ్లాయిడ్ మరణం కేసులో 2021లో పోలీసు అధికారి డెరెక్ షావిన్‌పై రుజువైన అతి పెద్ద నేరం ఉద్దేశం లేని రెండో తరగతి హత్య. దాడి అనే తీవ్ర నేరం మీద నిలబడిన ఫెలనీ మర్డరే అది. అదే ఏడాది జార్జియాలో అహ్మద్ ఆర్బరీ అనే నల్లజాతి యువకుడి హత్య కేసులో, వెంటాడుతూ వీడియో తీసిన వ్యక్తికి శిక్ష పడిందీ ఈ నియమం మీదే. ఆ తీర్పులకు సంతోషించినవారిలో చాలామంది ఈ చట్టం పోవాలని కోరేవారే. వారి జవాబు ఆలోచించదగ్గదే: షావిన్ స్వయంగా మెడ మీద మోకాలు పెట్టినవాడు, కారులో కూర్చున్నవాడు కాదు. జార్జియా వ్యక్తి విషయంలో అంత తేలికైన జవాబు నాకైతే కనిపించలేదు.

మిగిలిన పెద్ద తగాదా పాత కేసులది. కాలిఫోర్నియా తన మార్పును వెనకటి ఖైదీలకూ వర్తింపజేసి, కొత్తగా శిక్ష నిర్ణయించమని పిటిషన్ వేసుకునే దారి తెరిచింది. కొలరాడో, ఇల్లినాయ్ ఆ దారి తెరవలేదు. అక్కడ 2021కి ముందు నేరం చేసినవాడు, చట్టసభే కాదనుకున్న నియమం కింద పడిన శిక్షను ఇంకా అనుభవిస్తూనే ఉన్నాడు.