వరదను ఒక భిన్నంలో రాస్తే

గోదావరికి ఎర్రనీరు దిగి ఏరు పోటెత్తిందంటే లంక ఊళ్లలో అందరూ అడిగేది ఒక్కటే: "భద్రాచలంలో ఎంతుందంట?" అక్కడ నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. దిగువన ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు మొదటిది, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. పైన చూసిన అంకె కిందికి ఎప్పుడు, ఎంతగా దిగుతుందో తెలిస్తేనే పశువుల్ని ఏటిగట్టు మీదికి ఎప్పుడు తోలాలో తెలుస్తుంది.

నది ఆగకుండా పారుతుంది గానీ మన చేతికొచ్చే రీడింగులు గంటకోసారో, ఆరు గంటలకోసారో వస్తాయి. అలా విడివిడిగా తీసిన అంకెల వరసను డిస్క్రీట్ టైమ్ సిగ్నల్ అంటారు. ఫోన్‌లో వినే పాట కూడా లోపల అలాంటి వరసే. ఈ వరసల్ని అర్థం చేసుకోవడానికి పుట్టిన గణితమే జెడ్ ట్రాన్స్‌ఫామ్. కాకినాడ, భీమవరం, అమలాపురం కాలేజీల్లో ఇంజనీరింగ్ పిల్లలు దీని టేబుళ్లు బట్టీ పట్టి, పరీక్ష రాసి మర్చిపోతారు. నాకు అది చాలా బాధ కలిగిస్తుంది, ఎందుకంటే పక్కనే పారే ఏటి మీద పెట్టి చూస్తే ఇందులో బట్టీ పట్టాల్సింది దాదాపు ఏమీ ఉండదు.

ఆరు గంటలకోసారి తీసిన రీడింగులు 5, 8, 12, 9 లక్షల క్యూసెక్కులు అనుకుందాం. వీటిని ఇలా రాస్తాం:

5 + 8/జెడ్ + 12/జెడ్² + 9/జెడ్³

ఇక్కడ జెడ్ పని ఏ అంకె ఏ వేళదో గుర్తుపెట్టడమే. ఇదే వరద ఒక రీడింగు ఆలస్యంగా వస్తే మొత్తాన్ని జెడ్‌తో భాగిస్తే సరి. అంటే ఆలస్యం అనేది మామూలు భాగహారం అయిపోయింది. జెడ్ స్థానంలో 1 పెట్టండి, 34 వస్తుంది. ఒక్కో రీడింగు ఆరు గంటల పాటు అలాగే ఉందనుకుంటే అది సుమారు 73 టీఎంసీల నీరు.

ఇప్పుడు నది సంగతి. ఎగువ ప్రవాహం దిగువకు ఎలా చేరుతుందో లెక్కకట్టే ఒక పద్ధతి 1930ల్లో అమెరికాలోని మస్కింగం నది వరదల కోసం పుట్టింది. ఇవాళ్టికీ ప్రపంచమంతా వాడుతున్నారు. దాని సారం ఒక్క వాక్యం: ఇప్పటి దిగువ ప్రవాహం = 0.1 × ఇప్పటి ఎగువ ప్రవాహం + 0.3 × కిందటి రీడింగులోని ఎగువ ప్రవాహం + 0.6 × కిందటి రీడింగులోని దిగువ ప్రవాహం. ఈ మూడు అంకెలూ అర్థం కావడానికి నేను తీసుకున్నవి. నిజమైనవి ఆ నది పాత వరదల రికార్డుల నుంచి రాబట్టాలి.

ఎగువన ఒకే ఒక్క రీడింగులో లక్ష క్యూసెక్కులు అదనంగా వచ్చాయనుకోండి. దిగువన కనిపించేది వరసగా 10,000, 36,000, 21,600, 12,960... ఆ తర్వాత ప్రతిదీ ముందుదానిలో 0.6 వంతు. వరద ఎక్కినంత తొందరగా ఎందుకు తీయదో ఈ వరసలోనే ఉంది: ఏటిలో నిలిచిన నీరు ప్రతిసారీ కొంత మిగిలిపోతూ, తర్వాతి రీడింగులోకి వస్తూనే ఉంటుంది.

పై వాక్యాన్ని జెడ్ భాషలో రాస్తే ఒక భిన్నం వస్తుంది. లవం 0.1 + 0.3/జెడ్, హారం 1 − 0.6/జెడ్. ఎగువ వరదను ఈ భిన్నంతో గుణిస్తే దిగువ వరద. ఇందులో జెడ్ = 1 పెట్టి చూడండి: 0.4/0.4, సరిగ్గా 1. ఎంత నీరు పైన దిగిందో అంతా కిందికి చేరింది, చుక్క పెరగలేదు, చుక్క పోలేదు. నీరు ఎక్కడికీ మాయం కాదన్న సంగతి ఒక భిన్నం లోపల ఇంత నిశ్చయంగా కూర్చుని ఉండడం నాకు ఎన్నిసార్లు చూసినా ఆశ్చర్యమే. ఎవరి మోడల్‌లోనైనా ఇక్కడ 1 రాకపోతే, అది నీటిని పుట్టిస్తోంది లేదా మింగేస్తోంది.

హారం సున్నా అయ్యే జెడ్ విలువను పోల్ అంటారు. మన ఉదాహరణలో అది 0.6. పోల్ 0.9 అయితే వరద తోక సగానికి తగ్గడానికి ఏడు రీడింగులు, అంటే దాదాపు రెండు రోజులు పడుతుంది. పోల్ మైనస్ అంకె అయితే దిగువ ప్రవాహం రీడింగు రీడింగుకీ పైకీ కిందికీ ఊగుతుంది. అలా నది ఊగదు. రీడింగుల మధ్య ఎడం మరీ ఎక్కువైందని దానర్థం. పోల్ 1 దాటితే లెక్క అంతూ పొంతూ లేకుండా పెరిగిపోతుంది. లెక్క మొత్తం చేయకుండానే, ఒక్క అంకె చూసి వ్యవస్థ స్వభావం చెప్పేయొచ్చు. ఊగుతూ తగ్గే కొన్ని వ్యవస్థల్లో పోల్స్ సంకీర్ణ సంఖ్యలు (మైనస్ అంకెల వర్గమూలాలు కలిసినవి) కూడా అవుతాయి కనుక పుస్తకాల్లో వ్యాసార్ధం 1 ఉన్న వృత్తం గీసి, అన్నీ దాని లోపల ఉన్నాయా అని చూస్తారు; ఉంటే లెక్క అదుపు తప్పదు.

అంకెల వరసను ఇలా ఒక చలరాశి ఘాతాలకు తగిలించే ఆలోచన 18వ శతాబ్దంలో డి మావర్ అనే గణితవేత్త చేసిందే. రాడార్ కాలంలో, 1947లో, హురేవిచ్ అనే గణితవేత్త దాన్ని కంట్రోల్ ఇంజనీరింగ్‌కి (యంత్రాల్ని వాటంతటవే అదుపులో ఉంచే విద్యకి) తెచ్చాడు. 1952లో కొలంబియా యూనివర్సిటీలో రగజ్జిని, జాదే అనే ఇంజనీర్లు దానికి జెడ్ ట్రాన్స్‌ఫామ్ అన్న పేరు పెట్టారు.

భద్రాచలం దాటాక కూనవరం దగ్గర శబరి కలుస్తుంది. అప్పుడేం చేయాలి? భద్రాచలం నుంచి కూనవరం దాకా ఒక భిన్నం. దాని ఫలితానికి శబరి నీరు కలిపి, కూనవరం నుంచి ధవళేశ్వరం దాకా ఉన్న భిన్నంతో గుణించాలి. అంతే.

కానీ ఇదంతా నది స్వభావం మారనంతవరకే. 1986 ఆగస్టులో భద్రాచలంలో 75.6 అడుగులు, ధవళేశ్వరంలో సుమారు 35 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. అంత నీరు ఒడ్డు పొర్లి పొలాల మీద పరుచుకున్నప్పుడు నది నిలవ చేసుకునే తీరే మారిపోతుంది. 10 లక్షల వరదకు సరిపోయిన 0.6 అక్కడ పనికిరాదు. ప్రవాహాన్ని బట్టి ఆ మూడు గుణకాల్ని (0.1, 0.3, 0.6 లాంటివి) మారుస్తూ, మెట్టు మెట్టుకీ మళ్లీ లెక్కేసుకుంటూ పోవాలి. ఆ లెక్కను ఒకే భిన్నంలో రాయడం కుదరదు.