పాలు చాలుతున్నాయా?
బెంగళూరు మారతహళ్ళిలో మా చెల్లెలి ఫ్లాట్. బాల్కనీ తీగ మీద పాప గుడ్డలు ఎనిమిది ఆరుతున్నాయి. లోపల మంచం మీద చెల్లెలు ఫోన్ పట్టుకుని ఏడుస్తోంది. పాప పుట్టి పన్నెండు రోజులు. ప్రతిసారీ ఎన్ని నిమిషాలు తాగిందో నమోదు చేసే యాప్ ఒకటి వేసుకుంది. నిన్న పదిహేను, ఇవాళ ఆరు. "అక్కా, నా పాలు చాలడం లేదు" అంది. పురుటికని అనంతపురం నుంచి వచ్చిన అమ్మ బాల్కనీ వైపు చెయ్యి చూపించింది. "తాగకుండానే అన్ని గుడ్డలు తడిపిందా?"

అమ్మ చెప్పిందే సైన్సు కూడా చెబుతుంది. ఐదో రోజు దాటాక, తల్లిపాలు మాత్రమే తాగే బిడ్డ రోజుకు ఆరుసార్లో, అంతకన్నా ఎక్కువో లేత రంగు మూత్రం పోస్తుంటే పాలు కడుపులోకి వెళ్తున్నట్టే. తడి గుడ్డలు తగ్గినా, మూత్రం ముదురు రంగులోకి మారినా, బిడ్డ పాలకు కూడా లేవకుండా మత్తుగా పడుకున్నా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. నిమిషాలు మాత్రం ఏమీ చెప్పవు. ఒక బిడ్డ ఏడు నిమిషాల్లో కడుపు నింపుకుంటుంది, ఇంకొకటి అరగంట నోట్లో పెట్టుకుని నిద్రపోతుంది. సీసా మీద గీతలుంటాయి, రొమ్ము మీద ఉండవు. ఆ గీతల్లేని లోటును యాప్ నిమిషాలతో పూడ్చబోతుంది. గొడవంతా అక్కడే.

ఎందుకంటే ఆ భయం తనను తాను నిజం చేసుకోగలదు. రొమ్ము ఖాళీ అయ్యేకొద్దీ పాలు త్వరగా ఊరతాయి. నిండుగా ఉండిపోతే ఉత్పత్తి మందగిస్తుంది. పాలు చాలవేమోనని సాయంత్రం ఒక సీసా పట్టారనుకోండి. బిడ్డ కడుపు నిండుతుంది, తల్లి దగ్గర తాగదు, రొమ్ము ఖాళీ కాదు. రోజూ ఇలాగే సాగితే నాలుగు రోజులకు పాలు నిజంగానే తగ్గుతాయి. "చూశావా, ముందే చెప్పానుగా" అనడానికి చుట్టాలు సిద్ధంగా ఉంటారు. నిజానికి సాయంత్రాలు బిడ్డ గంటకోసారి అడగడం మామూలే.

మరి అంకెలే వద్దా? ఒక అంకె కావాలి, బరువు. అదీ రోజూ కాదు. మొదటి మూడు నెలల్లో బిడ్డ రోజుకు ఇంచుమించు 25-30 గ్రాములు పెరుగుతుంది. ఒక్కసారి పాలు తాగితేనే అంతకన్నా ఎక్కువ తేడా వస్తుంది. పుట్టిన మొదటి రోజుల్లో బరువు కాస్త తగ్గి, రెండు వారాల్లోపు మళ్ళీ పుట్టినప్పటి బరువుకు చేరడమూ సహజమే. అదే కాటా మీద, బట్టల్లేకుండా, రోజులు ఎడంగా తూచి, ఆ చుక్కల్ని కలిపే గీతను చూడాలి. ఈ పని ఫోన్ చక్కగా చేస్తుంది.

గీతను దేనితో పోలుస్తున్నామన్నదీ ముఖ్యమే. ఒకప్పుడు ప్రపంచమంతా వాడిన పెరుగుదల పటంలో పసిపిల్లల లెక్కలు అమెరికాలోని ఒహాయో పిల్లలవి. వాళ్ళలో ఎక్కువమంది డబ్బాపాలు తాగినవాళ్ళు. దాని పక్కన పెడితే, నిక్షేపంగా ఉన్న తల్లిపాల బిడ్డ కూడా మూడు నాలుగు నెలలకు వెనకబడినట్టు కనిపించేది. పటం తప్పుకు తల్లి పాలను తప్పుపట్టారన్నమాట! ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంతో (ఢిల్లీలో) సహా ఆరు దేశాల్లో తల్లిపాలు తాగిన పిల్లల్ని కొలిచి 2006లో కొత్త ప్రమాణాలు తెచ్చింది. వాటి ప్రకారం ఆడపిల్ల మధ్యస్థ బరువు పుట్టినప్పుడు 3.2 కిలోలు, మూడు నెలలకు 5.8, ఆరు నెలలకు 7.3. మూడో నెల తర్వాత వేగం తగ్గడం ఆ గీతలోనే ఉంది. ఇది మా చెల్లెలికి ఎవరూ చెప్పలేదు.

ఫోన్‌లో సలహాల సంగతి. కేంద్ర ఆరోగ్య శాఖ 2016లో ప్రారంభించిన కిల్‌కారీ, గర్భిణికి నాలుగో నెల నుంచి బిడ్డ మొదటి పుట్టినరోజు దాకా 72 రికార్డు చేసిన కాల్స్ పంపుతుంది. మధ్యప్రదేశ్‌లో వేలమంది మీద దాన్ని పరీక్షిస్తే, గర్భనిరోధక పద్ధతుల వాడకం కొంత పెరిగింది గానీ, ఆరు నెలలు తల్లిపాలే ఇవ్వడంలో తేడా కనిపించలేదు. నాకు ఆశ్చర్యం వేయలేదు. పాలు పట్టడం చేతిపని. బిడ్డ నోరు పెద్దగా తెరిచిందా, కింది పెదవి బయటికి తిరిగిందా, గడ్డం రొమ్ముకు ఆనిందా, తల్లికి నొప్పి ఉందా అన్నది కళ్ళతో చూసి సరిదిద్దాలి. అందుకే ఐఐటీ బొంబాయి వీడియో పాఠాలైన స్పోకెన్ ట్యుటోరియల్‌లో ఉన్నలాంటి, ఎలా పట్టాలో చూపించే వీడియోలు నాకు నచ్చుతాయి. వీడియో కాల్‌లో నర్సు చూసి "ఇంకాస్త దగ్గరికి తీసుకోమ్మా" అంటే ఇంకా మేలు. చెల్లెలికి చివరికి పనికొచ్చింది అలాంటి కాల్ ఒక్కటే. నిమిషాల యాప్ ఆ రోజే తీసేసింది.

ఆరు నెలలు నిండాక కథ మారుతుంది. ఈ ఘట్టంలో మనం బాగా వెనకబడ్డాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఆరు నెలల లోపు పిల్లల్లో 63.7 శాతం తల్లిపాలే తాగుతుంటే, 6-23 నెలల పిల్లల్లో తగినంత ఆహారం అందేది 11.3 శాతానికే. అంగన్‌వాడీ టీచర్ల చేతికి 2021లో వచ్చిన పోషణ్ ట్రాకర్ యాప్, ఎత్తూ బరువూ నమోదు చేస్తే పెరుగుదల పటంలో బిడ్డ ఎక్కడుందో చెబుతుంది. కాటా ఎగుడుదిగుడు నేల మీద పెట్టి తూస్తే అది చెప్పేదీ తప్పే. గిన్నెలో ఏముందో దానంతట దానికి తెలియదు.

ఆరు నెలలు నిండాక మా చెల్లెలి పాపకు ఎదురింటి కన్నడ ఆంటీ రాగి సరి, అంటే మెత్తటి రాగి పొడి, ఇచ్చింది. అమ్మ జావలా పల్చగా కాచింది. చెంచా వంచితే జారిపోయేది పాప చిన్న పొట్టను నీళ్ళతో నింపుతుంది, బలం తక్కువ. చిక్కగా కాచి, కాస్త నెయ్యి, మెదిపిన పప్పు కలపమన్నాం. మర్నాడు అమ్మ చెంచా వంచి చూపించింది, జారలేదు. పాప మాత్రం మూతి తిప్పుకుంది. చెల్లెలు అలవాటుగా ఫోన్‌లో బొమ్మల వీడియో పెట్టబోయింది. అమ్మ ఫోన్ లాక్కుని, పాపను చంకనేసుకుని, ఆంటీ గుమ్మంలోని కుక్కను చూపించడానికి బయల్దేరింది.