లెక్కలు ఎక్కడికి పోయాయి?

చిరంజీవులు బుజ్జికి, చిన్నికి,

తాతయ్య ఆశీస్సులు. ఇక్కడ మేమిద్దరం క్షేమం. మొన్న ఆదివారం ఫోనులో బుజ్జి ఒక మాట అన్నాడు. "ఇంటర్లో చేరాక కీబోర్డు వాయించడం మానెయ్యాలేమో తాతయ్యా, ఎంపీసీకి అసలు టైమే ఉండదట" అని. వెనకనుంచి మీ అమ్మ "ముందు లెక్కలు చూసుకోమని చెప్పండి మామయ్యా" అంది. నేను ఊఁ కొట్టి ఊరుకున్నాను. ముప్పై ఏళ్లు బళ్లో లెక్కలు చెప్పి బతికినవాణ్ణి, ఎవరి పక్షం మాట్లాడినా రెండోవాళ్లకు కోపం. అందుకే ఉత్తరం రాస్తున్నా. ఇందులో ఎవరూ మధ్యలో అడ్డు రారు.

సంక్రాంతికి వచ్చినప్పుడు మీ నాన్న కారులో ఒక పియానో పాట పెట్టాడు, గుర్తుందా? చిన్ని కాసేపు చప్పట్లు కొట్టి, "తాళం తప్పుతున్నారు తాతయ్యా" అని విసుక్కుంది. ఆ వాయించినాయన పేరు విజయ్ అయ్యర్. తాళం తప్పింది ఆయన కాదులే, అది తర్వాత చెప్తాను.

ఆయన 1971లో అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీలో పుట్టాడు. అమ్మానాన్నలు తమిళులు, ఇక్కణ్ణుంచి వెళ్లి అక్కడ స్థిరపడ్డవాళ్లు. మూడేళ్లకే చేతికి వయొలిన్ ఇచ్చారు. పదిహేనేళ్లు పాశ్చాత్య శాస్త్రీయ పద్ధతిలో దాన్ని నేర్చుకున్నాడు. పియానో మాత్రం ఎవరి దగ్గరా పద్ధతిగా నేర్వలేదు. ఇంట్లో ఉన్న పియానో మెట్లు తడుముతూ, విన్నది వాయిస్తూ, చెవితోనే పట్టేశాడు. అక్షరాభ్యాసం చేసింది ఒక వాయిద్యంతో, బతుకు గడిచింది ఇంకో వాయిద్యంతో.

చదువు మాత్రం గట్టిది. యేల్ విశ్వవిద్యాలయంలో గణితం, భౌతికశాస్త్రం. తర్వాత ఫిజిక్స్‌లో పీహెచ్‌డీ చేద్దామని కాలిఫోర్నియాలో బర్క్‌లీకి వెళ్లాడు. ఆ పక్కనే ఓక్లండ్ ఊరు. జాజ్ అంటే అమెరికాలో నల్లవాళ్లు పుట్టించిన సంగీతం. అక్కడ అందులో పండిపోయిన నల్లజాతి విద్వాంసుల పక్కన కూర్చుని వాయించే అవకాశం దొరికింది. ఆ తర్వాత స్టీవ్ కోల్‌మన్ అనే శాక్సొఫోన్ విద్వాంసుడు ఆయన్ని తన బృందంతో ఊళ్లు తిప్పాడు. 1995లో మొదటి ఆల్బమ్ 'మెమొరొఫీలియా' వచ్చింది. ఫిజిక్స్ పీహెచ్‌డీ ఆగిపోయింది.

ఇక్కడ ఆపి చెప్తే బుజ్జి ఎగిరి గంతేస్తాడు, మీ అమ్మ నాకు కాఫీ ఇవ్వడం మానేస్తుంది. ఆయన గురించి రాసేవాళ్లు కూడా చాలామంది ఇక్కడే ఆపి, ఫిజిక్స్ వదిలేసి సంగీతంలోకి దూకాడని ముచ్చటగా రాస్తారు. నాకు ఆ కథ నచ్చదు. ఎందుకంటే ఆయన పీహెచ్‌డీ మానలేదు, మార్చుకున్నాడు. అదే బర్క్‌లీలో, సాంకేతికత, కళలు రెండూ కలిసొచ్చేలా తన చదువు తానే కూర్చుకుని 1998లో పట్టా తీసుకున్నాడు. పశ్చిమ ఆఫ్రికా సంగీతాన్నీ, అమెరికాలోని నల్లవాళ్ల సంగీతాన్నీ తీసుకుని, లయ మనిషి ఒంట్లోంచి ఎలా పుడుతుందో పరిశోధించాడు.

ఇది వినగానే నాకు మా అమ్మ గుర్తొచ్చింది. నా చిన్నప్పుడు పండక్కి పిండి దంచాలంటే ఒకే రోట్లో ఇద్దరు దంచేవాళ్లు. అమ్మ రోకలి లేచేసరికి పక్కింటి పిన్నిగారి రోకలి దిగేది. ఒక్కసారీ రోకళ్లు గుద్దుకోవడం నేను చూడలేదు. ఎవరూ ఒకటీ రెండూ అని లెక్కపెట్టేవాళ్లు కాదు. ఊపిరి, భుజం, నడుము, వాటిదే లెక్కంతా. పిన్నిగారి దెబ్బ మాత్రం సరిగ్గా మధ్యలో పడేది కాదు, రవ్వంత వెనక పడేది. ఆ రవ్వంతలోనే ఉంది ఊపు. డ్రమ్స్‌లో రెండో దెబ్బ, నాలుగో దెబ్బ సెకనులో ఏ కొన్ని వందో వంతులో ఆలస్యంగా పడటం గురించి అయ్యర్ తన పరిశోధనలో చర్చించాడు. కంప్యూటర్ కొట్టే తాళం ఎందుకు చప్పగా ఉంటుందో మనకు అక్కడ తెలుస్తుంది.

ఇప్పుడు చిన్ని ఫిర్యాదు సంగతి. కారులో విన్నది 'మిస్టిక్ బ్రూ'. రానీ ఫాస్టర్ అనే ఆర్గన్ విద్వాంసుడు 1972లో చేసిన పాట అది. దాన్ని అయ్యర్ 2009లో 'హిస్టరిసిటీ' అనే ఆల్బమ్‌లో ముగ్గురి బృందంగా వాయించాడు. పియానో ఆయనది, బాస్ అనే లావు తీగల వాయిద్యం స్టీఫన్ క్రంప్, డ్రమ్స్ మార్కస్ గిల్‌మోర్. ఈ గిల్‌మోర్ ఎవరనుకున్నారు, జాజ్‌లో మహా పేరున్న డ్రమ్మర్ రాయ్ హేన్స్ మనవడు. (తాతల గురించి చెప్పే అవకాశం వస్తే నేను వదులుకోను.) ఆ పాటలో అయ్యర్ ఫిబొనాచి సంఖ్యలు వాడాడు. 1, 2, 3, 5, 8, 13, 21, ఇలా ముందున్న రెండూ కలిపితే తర్వాతది వస్తుంది.

కాగితం, పెన్సిలు తీసుకోండి. బళ్లో చెప్పిన లఘువు, గురువు గుర్తున్నాయిగా? లఘువు ఒక మాత్ర, గురువు రెండు మాత్రలు. మూడు మాత్రల్ని ఎన్ని రకాలుగా నింపొచ్చు? మూడు లఘువులు, లఘువు గురువు, గురువు లఘువు. మూడు రకాలు. నాలుగు మాత్రల్ని? రాసి చూడండి, ఐదొస్తాయి. గగ, భ, జ, స, నల. సుమతీ శతకం పద్యాలన్నీ కందాలే కదా, కందంలో గణాలు ఇవే ఐదు. ఆ ఐదే ఎందుకు, ఆరోది ఎందుకు లేదు అని ఏ తెలుగు మాస్టారినీ అడిగిన పిల్లవాణ్ణి నేను చూడలేదు. లేదు కాబట్టి లేదు, నాలుగు మాత్రలకు అంతకు మించి కుదరదు. ఐదు మాత్రలకు ఎనిమిది, ఆరింటికి పదమూడు. అవే సంఖ్యలు! ఫిబొనాచి అనే ఇటలీ లెక్కల పండితుడి పుస్తకం 1202లో వచ్చింది. అంతకు ముందే మన ఛందస్సు వాళ్లు, విరహాంకుడు, హేమచంద్రుడు, ఈ లెక్క కట్టేశారు.

మరి అయ్యర్ చేసిందేమిటి? ఎనిమిది దెబ్బల్ని నాలుగు నాలుగుగా కాకుండా 5, 3గా విడగొట్టామనుకోండి. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. పదమూడింటిని 8, 5గా, ఇరవై ఒకటిని 13, 8గా. ఐదుని మూడుతో భాగిస్తే 1.67 దాకా వస్తుంది, ఎనిమిదిని ఐదుతో భాగిస్తే 1.6, పదమూడుని ఎనిమిదితో భాగిస్తే 1.625. అంటే దెబ్బల సంఖ్య మారినా పొడుగు పొట్టిల నిష్పత్తి దాదాపు అదే. తాళం సాగుతుంది, ముడుచుకుంటుంది, కానీ చెవికి అదే నడకలా అనిపిస్తుంది. నాలుగేసి కొట్టుకుంటూ పోయిన చిన్ని మాత్రం గోతిలో పడింది.

ఇదంతా చూసి "మన తాళాలు పట్టుకెళ్లి జాజ్‌లో కలిపాడు" అనెయ్యకండి. మనవాళ్లు ఎక్కడ కనిపించినా మన ఖాతాలో వేసేసుకోవడం మనకో జబ్బు. ఆయన తన గురువులుగా చెప్పుకునేది థెలోనియస్ మంక్ అనే జాజ్ పియానో విద్వాంసుడి లాంటి నల్లజాతి వాళ్లని. భారతీయ సంగీతంతో నేరుగా చేసిన పని కూడా ఉంది. 2011 నాటి 'తీర్థ' వినండి. కర్ణాటక సంగీతం గిటారు మీద వాయించే ప్రసన్న, తబలా నితిన్ మిట్టా అందులో ఉన్నారు. నితిన్ మీ హైదరాబాదువాడే. ఇది చెప్పాక నా జబ్బు కూడా బయటపడింది.

ఇంకో పని చెప్పాలి. 2001లో జాఫర్ పనాహీ అనే ఇరాన్ సినిమా దర్శకుడు విమానం మారడానికి న్యూయార్క్‌లో దిగితే, వేలిముద్రలు ఇవ్వనన్నందుకు సంకెళ్లు వేసి వెనక్కి పంపేశారు. నేను దొంగను కాను అని పక్క ప్రయాణికులకు చెప్పాలనుకున్నాడట, కానీ ఏ భాషలో చెప్పాలి? ఆ ప్రశ్నే పేరుగా పెట్టుకుని, మైక్ లాడ్ అనే కవితో కలిసి అయ్యర్ 2003లో ఒక పెద్ద రచన చేశాడు. విమానాశ్రయాల్లో తిరిగే, తెల్లవాళ్లు కాని మనుషుల గొంతులు అందులో ఉంటాయి. పెద్దయ్యాక వినండి.

తర్వాతవి త్వరగా చెప్తాను, బహుమతుల జాబితా మీ పోటీ పరీక్షల పుస్తకాల్లో ఎలాగూ ఉంటుంది. 2013లో అమెరికాలో ప్రతిభావంతులకిచ్చే మెకార్థర్ ఫెలోషిప్, 2014 నుంచి హార్వర్డ్‌లో ఆచార్య పదవి. ఇప్పటి ముగ్గురి బృందంలో బాస్ లిండా మే హాన్ ఓ, డ్రమ్స్ టైషాన్ సోరీ. వాళ్ల 'అనీజీ' 2021లో వచ్చింది.

బుజ్జీ, మానాలా వద్దా అన్నది నువ్వూ మీ అమ్మా తేల్చుకోండి. నాకు మాత్రం ఒక సాయం చెయ్యి. 'మిస్టిక్ బ్రూ' మళ్లీ పెట్టుకుని, తొడమీద ఐదు, మూడు వేస్తూ పట్టుకోగలవేమో చూడు. నేను నాలుగు రోజులుగా ప్రయత్నిస్తున్నాను, కాసేపటికే జారిపోతోంది. మీ నానమ్మ మాత్రం పప్పు రుబ్బుతూ చక్కగా తల ఊపుతోంది. ఎలా అని అడిగితే, "ఏమో, ఊగుతోంది కదా, ఊపుతున్నా" అంది.

దసరా సెలవులకు కీబోర్డు తెచ్చుకోండి. పోయినసారిలా అడాప్టరు మర్చిపోవద్దు, మన ఊళ్లో దొరకదు.

ఇట్లు,
మీ తాతయ్య