ఐఈఎల్‌టీఎస్ గట్టెక్కిన పిల్లలకు

ప్రియమైన పిల్లలకు,

ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లిష్ పరీక్షలో ఆరున్నరో ఏడో తెచ్చుకుని, బ్రిటన్‌లో ఎమ్మెస్సీకి సీటు సంపాదించి, ఇప్పుడు వీసా కాగితాల హడావుడిలో ఉన్నారు. చాలా సంతోషం. మీలో కొందరు ఇంటర్ దాకా తెలుగు మాధ్యమంలోనే చదివారు. ఆ స్కోరు వెనక ఎంత కష్టం ఉందో నాకు తెలుసు. ఇక్కడి విశ్వవిద్యాలయంలో విదేశీ విద్యార్థులకు వ్యాసరచన నేర్పే పనిలో చాలాకాలంగా ఉన్నాను కాబట్టి, మొదటి టర్ములో మన పిల్లలు ఎక్కడ తడబడతారో దగ్గరగా చూస్తుంటాను. తెలివితేటలు తక్కువై ఎవరూ తడబడరు. పరీక్ష కోసం నేర్చుకున్న పద్ధతితోనే చదువునూ నెట్టుకురావాలని చూస్తారు. చిక్కంతా అక్కడే వస్తుంది.

పరీక్షలో రెండో వ్యాసానికి మీరు దాదాపు 40 నిమిషాల్లో కనీసం 250 పదాలు రాశారు. ఏ పుస్తకమూ చూడనక్కర్లేదు, ఎవరి పేరూ చెప్పనక్కర్లేదు. సొంత అభిప్రాయం, దానికి తగిన ఉదాహరణ ఉంటే సరిపోయింది. అక్కడ కొలిచేది భాషను కాబట్టి, ఆ ఉదాహరణ నిజమా కాదా అని ఎవరూ ఆరా తీయరు. అందుకే కొన్ని శిక్షణ కేంద్రాల్లో లేని సర్వేను ఉన్నట్టు పుట్టించి రాయమని కూడా చెబుతారు. ఆ అలవాటును విమానం ఎక్కకముందే వదిలేయండి. విశ్వవిద్యాలయంలో లేని ఆధారాన్ని కల్పించి రాస్తే విచారణ దాకా వెళ్తుంది. ప్రతి పేరా మొదట్లో అతికించే 'మోరోవర్', 'ఫర్దర్‌మోర్' లాంటి మాటలు నేరమేమీ కావు గానీ, రెండు విషయాల మధ్య లేని సంబంధాన్ని ఉన్నట్టు చూపిస్తాయి. మూల్యాంకనం చేసేవారు వాటిని ఇట్టే పసిగడతారు.

ఇక్కడ మీకిచ్చే వ్యాసం తరచుగా రెండు మూడు వేల పదాలు ఉంటుంది. కొన్ని వారాల గడువు ఉంటుంది. ఆ వారాల్లో ఎక్కువ భాగం చదవడానికే పోవాలి. పరీక్షలో మూడు పాఠాలిచ్చి, గంటలో 40 ప్రశ్నలకు జవాబులు వెతకమన్నారు. ప్రశ్నలు వాళ్లే ఇచ్చారు, జవాబులు ఆ పాఠాల్లోనే ఉన్నాయి. ఇప్పుడు ఒక్కో సబ్జెక్టుకు వారం వారం పరిశోధనా వ్యాసాలు చేతికొస్తాయి. వాటిని ఏ ప్రశ్నతో చదవాలో మీరే తేల్చుకోవాలి. మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా, తెలియని ప్రతి మాటకూ నిఘంటువు తిరగేస్తూ కూర్చుంటే వారంలో ఒక్కటి కూడా పూర్తికాదు. ముందు సారాంశం, తర్వాత ఉపోద్ఘాతంలోని చివరి పేరా, ఆపైన పట్టికలు, ముగింపు చూడండి. మీ ప్రశ్నకు పనికొస్తుందని తేలాకే మిగతాది నిదానంగా చదవండి.

ఉపోద్ఘాతం గురించి ఇంకొంచెం చెప్పాలి. జాన్ స్వేల్స్ అనే భాషావేత్త పరిశోధనా వ్యాసాల ఉపోద్ఘాతాలను పరిశీలించి, వాటిలో సాధారణంగా మూడు అడుగులు కనిపిస్తాయని చూపించారు. మనకు తెలిసిన విషయంతోనే చెబుతాను. నల్గొండ జిల్లా తాగునీటిలో ఫ్లోరైడ్ మీద ఎవరో వ్యాసం రాశారనుకోండి. ఇది పెద్ద సమస్య, దీనిమీద ఇప్పటికే ఇంత పని జరిగింది అని మొదట చెబుతారు. ఫలానా సంగతిని మాత్రం ఇంకా ఎవరూ తేల్చలేదు అని తర్వాత ఒక ఖాళీని చూపిస్తారు. ఆ ఖాళీని మేమిలా పూరిస్తున్నాం అని చివర చెబుతారు. ఈ మూడు అడుగులూ గుర్తుపట్టడం వస్తే, అర్థంకాని మాటలు పాతిక ఉన్నా వ్యాసం ఎటు పోతోందో మీకు తెలుస్తుంది. మీరు రాసేటప్పుడూ ఈ వరుసే పనికొస్తుంది.

ఇక అన్నిటికన్నా ఎక్కువగా మన పిల్లల్ని ఇబ్బంది పెట్టే విషయానికి వస్తాను. చిన్నప్పటి నుంచి పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు రాస్తే మార్కులు వేశారు. ఇక్కడ అలా రాస్తే, ఒకరి రాతను మీ పేరుతో పెట్టుకున్నారంటారు. మూలంలో రెండు మూడు పదాలు మార్చి అదే వాక్యాన్ని దింపినా అంతే. పోలికలు పట్టే టర్నిటిన్ సాఫ్ట్‌వేర్ చూపించే శాతాన్ని చూసి భయపడి, ఆ శాతం తగ్గించడానికే మాటలు మార్చుకుంటూ కూర్చునేవారున్నారు. ఆ అంకె తీర్పు కాదు. సరిగ్గా కొటేషన్ గుర్తుల్లో పెట్టిన వాక్యాలూ, చివరి గ్రంథసూచీ కూడా ఒక్కోసారి అందులో లెక్కకొస్తాయి. చూడాల్సింది ఇంకొకటి: ఆ ఆలోచన ఎవరిదో చెప్పారా, మీ మాటల్లో చెప్పారా?

మీ మాటల్లో చెప్పడానికి మీకు తెలుగు ఉంది. మూలంలో ఒక పేరా చదవండి, మూసేయండి, ఇంట్లో చెల్లికి చెబుతున్నట్టు తెలుగులో పైకే చెప్పండి. చెప్పలేకపోతే అర్థంకాలేదని తెలుస్తుంది, మళ్లీ చదవండి. చెప్పగలిగితే, ఆ తెలుగు మాటలను పక్కన పెట్టుకుని ఇంగ్లిష్‌లో రాయండి. మూలంలోని వాక్యాల అల్లిక అప్పటికే చెదిరిపోయి ఉంటుంది కాబట్టి మీ అల్లిక వస్తుంది. తర్వాత మూలంతో పోల్చి, అంకెలు తారుమారు కాలేదని చూసుకుని, రచయిత పేరు, సంవత్సరం పెట్టండి. మాటలు మీవే అయినా ఆలోచన వాళ్లదే కాబట్టి పేరు చెప్పకుండా వదలకూడదు. మాతృభాషలో ఆలోచిస్తే ఇంగ్లిష్ రాదని మీకు ఎవరైనా చెప్పి ఉంటే, ఆ మాట నమ్మకండి.

అయితే ఒకచోట తెలుగు అలవాటును కావాలని మార్చుకోవాలి. మనం కారణాలన్నీ పేర్చుకుంటూ వచ్చి, అసలు మాట చివర చెబుతాం. క్రియ కూడా వాక్యం చివరే కదా. ఇంగ్లిష్ వ్యాసంలో పేరా మొదటి వాక్యంలోనే అసలు మాట చెప్పేయాలని చదివేవారు ఆశిస్తారు. చిత్తుప్రతి రాశాక ప్రతి పేరాలో చివరి వాక్యాన్ని చూడండి. చాలాసార్లు మొదట ఉండవలసింది అదే. దాన్ని పైకి తెచ్చి మిగతావి సర్దితే, భాషలో ఒక్క తప్పూ దిద్దకుండానే వ్యాసం తేటపడుతుంది.

ఎంత గట్టిగా అనాలో కూడా నేర్చుకోవాలి. పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే విధానం ఒకటుంది. జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) శాస్త్రవేత్తలు రూపొందించిన దానికి 'నల్గొండ పద్ధతి' అనే పేరు ప్రపంచమంతా నిలిచింది. 'ఈ పద్ధతి పనికిరాదు' అని రాస్తే మీ దగ్గర ఉన్న ఆధారం కన్నా ఎక్కువ అన్నట్టే. 'రోజువారీ నిర్వహణ కుదరని గ్రామాల్లో ఈ పద్ధతి ఆశించినంత ఫలితం ఇవ్వకపోవచ్చు' అంటే, ఆధారం ఎంతవరకు ఉందో అంతవరకే అన్నారు. ఇది పిరికితనం కాదు, నిజాయితీ.

పదసంపద సంగతి త్వరగా చెబుతాను. న్యూజిలాండ్‌లో అవెరిల్ కాక్స్‌హెడ్ 2000లో ప్రచురించిన విద్యావిషయక పదాల జాబితాలో 570 పదకుటుంబాలున్నాయి (ఒక మూలపదం, దాని రూపాలు కలిపి ఒక కుటుంబం). ఆమె పరిశీలించిన పాఠ్యగ్రంథాల్లో పదింట ఒకవంతు పదాలు ఇవే. మీ సబ్జెక్టు ఏదైనా పనికొస్తాయి. విడి పదాలుగా బట్టీపట్టకుండా, మీరు చదివే వ్యాసాల్లో అవి ఏ మాటల పక్కన వస్తున్నాయో చూసి రాసిపెట్టుకోండి. వ్యాసాల్లో తరచుగా వాడే వాక్యభాగాలను కూర్చిన మాంచెస్టర్ విశ్వవిద్యాలయంవారి 'అకడమిక్ ఫ్రేజ్‌బ్యాంక్' ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. మీ వాదన ఏమిటో తేలాక దాన్ని తెరవండి.

తరగతి చర్చల్లో పరీక్షలోలాగా మీ వంతు వచ్చిందని ఎవరూ పిలవరు. చదివినదాని మీద ఒక ప్రశ్న ముందే కాగితం మీద రాసుకుని వెళ్లి, మొదటి పావుగంటలోనే అడిగేయండి. అధ్యాపకులను 'సర్' అని కాకుండా పేరుపెట్టి పిలవడం ఇక్కడ మామూలే, మొహమాటపడకండి.

మార్కులు చూసి కూడా బెంగపడకండి. ఇక్కడ ఎమ్మెస్సీలో మామూలుగా 50 ఉత్తీర్ణత, 70 దాటితే డిస్టింక్షన్. తొంభైల్లో మార్కులు తెచ్చుకున్నవారికి 62 అవమానంగా తోస్తుంది గానీ, అది మంచి మార్కే. దాని కింద అధ్యాపకులు రాసే వ్యాఖ్యను మూడుసార్లు చదవండి. చాలా విశ్వవిద్యాలయాలు చదువుతోపాటే సాగే ఇంగ్లిష్ తరగతులు ఉచితంగా నడుపుతాయి. పాస్ కానివాళ్లకే అవి అనుకుని మనవాళ్లు అటు వెళ్లరు. నాకు బాధ కలిగించేది ఇదే. బాగా రాసేవాళ్లే ఇంకా బాగా రాయడానికి అక్కడికి వస్తారు. కృత్రిమ మేధ సాధనాలను ఎంతవరకు వాడవచ్చో ప్రతి సబ్జెక్టుకూ నియమాలుంటాయి, అడిగి తెలుసుకోండి. మీ బదులు వ్యాసం రాయించుకుంటే నేర్చుకునే పని కూడా మీ బదులు అదే చేసినట్టు.

ప్రయాణానికి ఇంకా వారాలున్నాయి. మీ విభాగానికి మెయిల్ పెట్టి, మొదటి టర్ము పఠన జాబితా అడగండి. అందులో ఒక వ్యాసం తీసుకుని, రోజుకు ఒక పేరా చొప్పున తెలుగులో చెప్పుకుని ఇంగ్లిష్‌లో రాయండి. రాసినవాటిలో ఒకటి రెండు పేరాలు నాకు పంపండి. ఎక్కడ బాగుందో, ఎక్కడ దిద్దాలో రాసి పంపుతాను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ